మా ఆవిడ ఉపన్యాసాలూ అయోడిన్ చుక్కలూ

నాకు అసూయ చాలామంది మీద ఉండేది. బాగా మాట్లాడే ప్రతివాడి మీదా ఉండేది. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ జరిగిన సభల్లో నాకంటే ఎక్కువ చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళ మొహాలు ఈ వయసులో కూడా వరసగా గుర్తున్నాయి. కానీ వాళ్ళంతా సభ కాగానే ఎవరి ఊరికి వాళ్ళు పోయేవాళ్ళు. ఒక్క మనిషి మాత్రం బస్సులో నా పక్కనే కూర్చుని మా ఇంటికే వచ్చేది. మర్నాడు పొద్దున్నే నాకు కాఫీ ఇచ్చేది. ఆమె నా భార్య.

ఇప్పుడు ఉప్పు పొట్లాల మీద అయోడిన్ కలిపామని రాస్తున్నారు. అది ఒంటికి మంచిదేనా, ఏమైనా చేటు చేస్తుందా అని పత్రికల్లో నా వ్యాసాలు చదివేవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఉప్పులో కలిపేది బహు కొద్ది, మామూలు మనిషి భయపడాల్సిందేమీ లేదు, మెడలో వాపున్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి నడుచుకోండి అని చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళముందు కదిలేది ఉప్పు పొట్లం కాదు. గ్యాసులైటు వెలుగులో మా ఆవిడ చేతిలో వణికిన ఒక కాగితం చీటీ.

యాభైల చివరి మాట ఇది. మేమిద్దరం నందిగామలో బడిపంతుళ్ళం. మాది దండల పెళ్ళి. నా వైపు పురోహితుణ్ణీ, ఆమె వైపు పాదిరిగారినీ తప్పించాం. వేదిక మీద పెద్దలు తలా ఒక ఉపన్యాసం ఇస్తే అదే మంత్రమైంది. మొగుణ్ణి 'మీరు' అనడం బానిసత్వమని ఆ వేదిక మీదే నేను బల్ల గుద్ది చెప్పాను. ఆవిడ విని, తలూపి, మర్నాటి నుంచి 'మీరు' అనే పిలిచింది. కోపం వస్తే మాత్రం 'నువ్వు' అనేది. నా సంస్కరణ మా ఇంట్లో ఆవిడ కోపంలోనే అమలయింది.

ఆమెకు చిన్నతనం నుంచీ మెడ ముందు నిమ్మకాయంత వాపు ఉండేది. దాన్ని గాయిటర్ అంటారు. వత్సవాయి దగ్గర పల్లెలో ఉండే మా అత్తగారు దానికి చేయించని వైద్యం లేదు. ఆవిడ ఒక్క ఆదివారం కూడా చర్చి మానని మనిషి. ముందు ప్రార్థన చేసిన కొబ్బరినూనె రాసింది. తగ్గకపోతే ఎవరో చెప్పారని ఒక తాయెత్తు తెచ్చి కట్టింది.

"అదేంటత్తయ్యా, ప్రభువుకి కోపం రాదూ?" అని నేను ఎగతాళి చేస్తే, "ఆయనకి నీకున్నంత కోపం లేదులే నాయనా" అనేది.

ఆ వాపు వల్ల మా ఆవిడ ఎప్పుడూ మెడ చుట్టూ కొంగు తిప్పుకుని ఉండేది. పిల్లలకు పాఠం చెప్పేది గానీ పెద్దవాళ్ళు నలుగురుంటే నోరు విప్పేది కాదు. నా సభలకు వచ్చి ఆడవాళ్ళ వైపు చివర కూర్చునేది. ఇంటికొచ్చాక "ఎట్లా ఉంది?" అని నేను అడగాలి. "బాగుందండి. కాస్త పొడుగైంది" అని ఆవిడ చెప్పాలి. ఎప్పుడూ అదే మాట. నేనెప్పుడూ మొదటి ముక్కే వినేవాణ్ణి.

బెజవాడలో ఒక డాక్టరుకి చూపించాం. "ఒంట్లో అయోడిన్ చాలకపోతే మెడలో గ్రంథి ఇట్లా ఉబ్బుతుందమ్మా. ఈ చుక్కలు నీళ్ళల్లో వేసుకుని తాగు. సీసా అయిపోగానే వచ్చి కనిపించు" అన్నాడాయన. ముదురు రంగు గాజు సీసా. చుక్కలు వేయడానికి మా ఇంట్లో ఇంకు ఫిల్లరునే కడిగి వాడాం. నీళ్ళలో పడగానే గ్లాసంతా పలచటి డికాక్షన్ రంగు తిరిగేది. "ఇనప గరిటె నాకినట్టుంది" అని మొహం చిట్లించుకుని తాగేది. సీసా అయిపోయేసరికి వాపు కొంత తగ్గినట్టే కనిపించింది. మేం బెజవాడ వెళ్ళలేదు. మందుల షాపులో ఇంకో సీసా కొన్నాం. ఎందుకు వెళ్ళలేదంటే, ఆపాటికి ఆ సీసా మందుగా మిగల్లేదు. అది మా వాదమైపోయింది.

ఎట్లా అయిందో చెప్పాలి. మా వైపు వాదసభల్లో ఒక పద్ధతి ఉండేది. వేదిక ముందు వెదురు గుంజకి గ్యాసులైటు వేలాడుతుండేది. మాట్లాడేవాడికి అదే గడియారం. లైటు మసకబారగానే గాలి కొట్టే మనిషి లేస్తాడు. కొట్టినంతసేపూ మాట ఆగాలి. వెలుగు వచ్చాక జనం చప్పట్లు కొడితే అతనే కొనసాగుతాడు, కొట్టకపోతే ఎదుటిపక్షం లేస్తుంది. ఆ మసక చీకట్లో జనం దగ్గుతారు, కబుర్లలో పడతారు, పిల్లల్ని తిడతారు. ఎంత మాటకారి అయినా ఆ సందులో జారిపోతాడు. చివర్లో జనం చీటీల మీద ప్రశ్నలు రాసి పంపిస్తారు.

నందిగామలో తాయెత్తుల మీద వాదం పెట్టారు. ఎదుటిపక్షాన పురాణం చెప్పే పంతులుగారు. నేను మంచి ఊపులో ఉండి, "మాటలెందుకు? సాక్ష్యమే చూపిస్తా. ఈవిడ నా భార్య. తాయెత్తు కట్టినన్నాళ్ళూ తగ్గని వాపు మందు తాగితే తగ్గింది. లేచి చూపించు" అన్నాను.

ఆవిడ లేచింది. కొంగు తీసింది. చూపించి కూర్చుంటుందనుకున్నా. కూర్చోలేదు. నడిచి వేదిక మీదికే వచ్చింది.

"ఆ తాయెత్తు నాకు ఏం చేసిందో నేను చెబుతా, వినండి" అని మొదలుపెట్టింది. "అది వాపు తగ్గించలేదు. కొంగు కప్పుకోవడం నేర్పింది. పదిమందిలోకి వెళ్ళేటప్పుడు గోడవారగా నడవడం నేర్పింది. నాలాంటి ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే ముందు ఆ దారం తెంపండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకుపోండి."

మాటలు ఒకదాని వెనక ఒకటి తరుముకొస్తున్నాయి. కళ్ళు దీపాల్లా ఉన్నాయి. లైటు మసకబారింది. గాలి కొట్టే మనిషి లేచాడు. ఆవిడ ఆగలేదు, ఆ చీకట్లోనే మాట్లాడింది. నియమం తప్పావని ఒక్కరూ అనలేదు. వెలుగొచ్చాక పడినన్ని చప్పట్లు నా ఇన్నేళ్ళ ఉపన్యాసాలన్నిటికీ కలిపి కూడా పడలేదు. సాక్ష్యం కోసం లేపిన మనిషి సభ మొత్తాన్ని పట్టుకుపోయింది.

ఇక అప్పట్నుంచి మొదలయింది. ఈ వాదసభలు పెట్టే మా సంఘం కార్యదర్శి ఇంటికొచ్చి, "ఏవండీ మాస్టారూ, జగ్గయ్యపేటలో సభ పెడుతున్నాం. అమ్మగారు ఖాళీయేనా?" అనేవాడు. "ఖాళీయే, ఇద్దరం ఉన్నాం" అని నేననేవాణ్ణి. "ఆఁ, మీరూ రండి. ఆడమనిషి, తోడు ఉండాలి గదా" అనేవాడు. తోడు! స్త్రీ స్వేచ్ఛ మీద గంటలకొద్దీ మాట్లాడిన మనిషిని నేను. ఆ స్వేచ్ఛ నా ఎదురుగా మైకు లేకుండా మాట్లాడుతుంటే, నేను ఆవిడ చెప్పులకు కాపలా కూర్చున్నా.

నా బాధ మీకు అర్థం కావాలి. నేను చదివిన పుస్తకాల్లో సగం కూడా ఆవిడ చదవలేదు. ఒక ఉపన్యాసానికి నేను వారం రోజులు తయారవుతా. ఆవిడ బియ్యం ఏరుతూ తయారవుతుంది. సభ అయ్యాక నాకు గొంతు పోయి ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. ఆవిడ ఇంటికొచ్చి గిన్నెలు తోమి, పిల్లల కాపీలు దిద్ది, ఇంకా చేయడానికి పనేముందా అని వెతుక్కునేది. ప్రశ్నల చీటీ చదివేటప్పుడు ఆవిడ చేతిలో కాగితం గలగలా వణికేది. "చూడు, ఎంత ఆవేశమో! ఒళ్ళంతా ఊగిపోతోంది" అని జనం గుసగుసలాడేవాళ్ళు. నేను ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు చీటీ పట్టుకుని చెయ్యి వణికించి చూసుకున్నా. చలిజ్వరం వచ్చినవాడిలా కనిపించా.

అసూయపడేవాడంత శ్రద్ధగా చూసేవాడు లోకంలో ఉండడు. ఆవిడను మెచ్చుకునేవాళ్ళు ఆవిడ మాట విన్నారు. నేను మనిషిని చూశాను, ఎక్కడ లోపం దొరుకుతుందా అని. చూడగా చూడగా లోపాలు కాదు, వేరేవి కనిపించాయి. మోచేతి దాకా జారిపోతున్న గాజులు. నాకంటే రెండు ముద్దలు ఎక్కువ తింటూ చిక్కిపోతున్న ఒళ్ళు. మేమంతా దుప్పట్లు కప్పుకుంటే వసారాలో విసనకర్ర పట్టుకుని కూర్చోవడం. చెంచా జారితే ఏడవడం. ఇక ఆ వణుకు. వేదిక మీద ఆవేశం వల్ల వణికితే సరే. గ్లాసులో చుక్కలు వేసేటప్పుడు ఇంకు ఫిల్లరు ఎందుకు వణకాలి? గ్లాసు మీద ఆవిడకు కోపమేంటి?

ఆ రోజుల్లోనే మా అత్తగారు వచ్చింది. కూతుర్ని చూసి, "ఇదేంటే, ఇట్లా అయిపోయావ్? మందు వేడి చేసింది. ఆ సీసా పారేసి సబ్జాగింజలు నానబోసుకు తాగు. తాయెత్తు కూడా తెచ్చా" అని కొంగుముడి విప్పింది. మేమిద్దరం ఒకేసారి నవ్వాం. 'వేడి చేయడం' మా సభల్లో మేము ఎక్కువగా వెక్కిరించే మాట. మందు చెడు చేసిందంటే తాయెత్తువాళ్ళు గెలిచినట్టే. ఆ లెక్కన మందు చెడు చెయ్యకూడదు. చూశారా, మేము ఎక్కడికి చేరామో! శాస్త్రం పేరుతో మేమూ ఒక సీసాని మెళ్ళో కట్టుకున్నాం.

ఆ నవ్వు నాకు లోపల ఇమడలేదు. జగ్గయ్యపేట సభకు బస్సులో పోతున్నాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ భుజం నా భుజానికి నొక్కుకుపోయి ఉంది. కదలకుండా కూర్చున్న మనిషి గుండె, పరుగెత్తుకొచ్చిన కోడిపిల్ల గుండెలా నా చేతికి తగులుతోంది.

"ఈ చుక్కలు నీకు పడటం లేదేమో" అన్నా మెల్లగా.

ఆవిడ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. "ఎప్పట్నుంచి అనుకుంటున్నారు?"

"కొన్నాళ్ళుగా చూస్తున్నా. చిక్కిపోయావ్. చేతులు వణుకుతున్నాయి."

"చప్పట్లు పడుతున్న దగ్గర్నుంచి చూస్తున్నారన్నమాట."

"అది వేరు, ఇది వేరు."

"వేరేం కాదు. నీకు కుళ్ళు" అంది. 'నువ్వు'లోకి దిగింది. "నేను మళ్ళీ కొంగు కప్పుకుని చివర కూర్చుంటే నీకు బాగుంటుంది. నేను కూర్చోను."

ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అన్నది నిజం. నేనన్నది కూడా నిజం. ఒక నిజం ఇంకోదాన్ని కొట్టేయదని పదిమందికి బోధించినవాణ్ణి, ఆ బస్సులో ఒక్క మనిషికి చెప్పలేకపోయా. చివరికి నాకు తెలిసిన దారి పట్టాను.

"పందెం. బెజవాడ పోదాం. చుక్కలు మంచివేనని డాక్టరు అంటే నేనిక వేదిక ఎక్కను. తప్పని అంటే ఆయన సరేననేదాకా నువ్వు ఎక్కకూడదు."

ఆవిడ కళ్ళలో నవ్వు మెరిసింది. ఎంతైనా వాదం చేసే మనిషి. "మీరు వేదిక ఎక్కరా? ఇదేదో బాగుంది. పోదాం" అంది.

బెజవాడ పోయాం. డాక్టరు నాడి చూశాడు, కళ్ళు చూశాడు. "చేతులు ముందుకు చాచమ్మా, వేళ్ళు విడదియ్యి" అన్నాడు. బల్ల మీదున్న తెల్లకాగితం ఒకటి తీసి ఆవిడ వేళ్ళ మీద పరిచాడు. గాలి లేదు, ఫ్యాను లేదు. కాగితం గలగలలాడింది. నాకు బాగా తెలిసిన చప్పుడే అది. సభల్లో దాన్ని చూసి ఎన్నిసార్లు కుళ్ళుకున్నానో!

"సీసా అయిపోగానే రమ్మన్నానా లేదా?" అన్నాడు డాక్టరు. ఇద్దరు వక్తలం ఒకేసారి తలలు దించుకున్నాం. ఆయన విసుగు తగ్గించుకుని చెప్పాడు. "ఈ గ్రంథి ఏళ్ళ తరబడి అరకొర తిండితో పనిచేసింది, గడ్డలు కట్టింది. ఇట్లాంటిదానికి అయోడిన్ గుమ్మరిస్తే కొందరికి అదుపు తప్పుతుంది. దాని రసం అతిగా ఊరుతుంది. గుండె దడ, వణుకు, చెమట, ఒళ్ళు తగ్గడం, నిద్ర పట్టకపోవడం. మాట కూడా వడివడిగా వస్తుంది. ఇంకా సాగదీస్తే గుండె దెబ్బతింటుంది. ఈ పూట నుంచే చుక్కలు బంద్. మాత్రలు రాస్తా."

మాట వడివడిగా వస్తుంది! నా చెవిలో తేనె పోసినట్టయింది. ఆ ఉపన్యాసాలన్నీ గ్రంథి ఇచ్చినవన్నమాట. నన్ను ఓడించింది ఒక సీసా! నా మొహం విప్పారే ఉంటుంది, మా ఆవిడ ఒకసారి అటు చూసి డాక్టరు వైపు తిరిగింది.

"మాత్రలు మింగితే మాట పోతుందాండి?"

"గొంతుకేం కాదమ్మా."

"గొంతు కాదండీ. మాట."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది. తిరుగు బస్సు కీసర దాటింది. అప్పుడు ఆవిడ, "అదంతా గ్రంథే మాట్లాడిందంటావా?" అని అడిగింది. అందులో కోపం లేదు. కోపం లేకుండా 'నువ్వు' అనడం అదే మొదటిసారి. నేను "తెలీదు" అన్నా. గ్రంథే అయితే బాగుండునని మనసులో ఉన్న మాట, అది బయటికి రాలేదు.

మాత్రలు మెల్లగా పనిచేశాయి. గాజులు మళ్ళీ మణికట్టు దగ్గరికొచ్చాయి. నిద్ర వచ్చింది. మాట నెమ్మదించింది. ఒక్కోసారి వాక్యం మధ్యలో ఆగి, వెతుక్కుని, మళ్ళీ మొదలుపెట్టేది. సభలు నాకు తిరిగొచ్చాయి. నేను చెలరేగి మాట్లాడా. చివర్లో వచ్చే చీటీలు విప్పితే, "అమ్మగారు ఎప్పుడొస్తారు?" అని ఉండేది. ఒకడైతే, "వచ్చేసారి మీరు తోడుగా రండి చాలు" అని రాశాడు. నాకు ఒక్కటే ఊరట. అదంతా అయోడిన్. అయోడిన్ పోయింది.

కానీ కబురు పాకింది. మందు తాగి మాస్టారి భార్య చావుదాకా పోయిందట అని జగ్గయ్యపేటలో పంతులుగారి పక్షం చాటింపు వేసినంత పనిచేసింది. అక్కడే సభ పెట్టారు. కార్యదర్శి మా ఇంటికొచ్చి కూర్చుంటే నేను ఉపాయం చెప్పా. "అది వేరే జబ్బని చెబుదాం. మందుకీ దానికీ సంబంధం లేదని."

మా ఆవిడ వంటింట్లోంచి, "ఆ ముక్క అబద్ధం గదా" అంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనొస్తా. డాక్టరు సరేనన్నాడు. కుర్చీ వేయించండి, నిలబడి మాట్లాడే ఓపిక ఇంకా రాలేదు."

కుర్చీలో కూర్చుని ఏం మాట్లాడుతుంది, చూద్దాం అనుకున్నా. సభలో జనం గ్యాసులైటు దాటి వెనక చీకటి దాకా ఉన్నారు. ఆవిడ ముందుగా ఏమీ మాట్లాడనంది, చీటీలకే జవాబు చెబుతానంది. మొదటి చీటీ వచ్చింది. పైకి చదివింది. "అమ్మా, మీ మందు మిమ్మల్నే తినబోయిందట. మా తాయెత్తు ఎన్నడైనా ఎవర్నైనా తిన్నదా?" జనం గొల్లున నవ్వారు. పంతులుగారు మీసం సవరించుకున్నారు. నేను చీటీ వైపే చూస్తున్నా. కాగితం కదల్లేదు.

"నిజమే" అంది. అంత చిన్న గొంతుకి వెనకవాళ్ళు "ఆఁ?" అంటూ ముందుకు జరిగారు. "మందు నాకు చెడు చేసింది. డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు, మేము పోలేదు. సీసా మీద నమ్మకం పెట్టుకుని మనిషిని అడగడం మానేశాం. నా గుండె పరుగు తీసింది. మీరు ఆవేశం అనుకున్న వణుకు అదే."

ఒకప్పుడు ఆ వణుకు చూసి చప్పట్లు కొట్టినవాళ్ళంతా అక్కడే ఉన్నారు.

అప్పుడే లైటు మసకబారింది. గాలి కొట్టే మనిషి టీకి పోయినట్టున్నాడు, ఎవరూ లేవలేదు. ఇంతకుముందైతే చీకట్లోనే మాట్లాడుకుపోయేది. ఇప్పుడు ఆగింది. వాక్యం పూర్తయింది, జవాబు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఊరికే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. దగ్గులు వస్తాయి, కబుర్లు మొదలవుతాయి అని నేను చూస్తున్నా. రాలేదు. ఒక పిల్లాడు ఏడవబోతే తల్లి నోరు మూసింది. అంత మంది జనం, మసక చీకట్లో, ఆవిడ తర్వాతి మాట కోసం కూర్చున్నారు. నా జన్మలో ఏ సభా నాకోసం అట్లా కూర్చోలేదు. ఆ నిశ్శబ్దం మీద నాకు పుట్టిన అసూయ ముందు చప్పట్ల మీద పుట్టింది ఏపాటిది? ఏ సీసా మీదికి నెట్టను దీన్ని? సీసా ఎప్పుడో పారేశాం.

ఇంకొంచెం సేపు ఆగితే లైటు ఆరిపోతుంది. ఆగలేదు, లేచా. గుంజ దగ్గరికి పోయి లైటు దించి గాలి కొట్టా. వెలుగు ఎగసింది. కొనసాగమని చప్పట్లు కొట్టడానికి కూడా ఎవరూ చేతులెత్తలేదు, ఆవిడకు ఇక ఆ అనుమతి ఎందుకు?

"తాయెత్తు ఎవర్నీ తినలేదు" అంది మా ఆవిడ. "దానికి పళ్ళు లేవు. కొడవలి పంట కోస్తుంది గనకే చూసుకోకపోతే చెయ్యి తెగుతుంది. మీ తాయెత్తు చెక్క కొడవలి. చెయ్యి తెగదు. పంటా తెగదు."

జగ్గయ్యపేటలో ఆ చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను చెప్పను. చెక్క కొడవలి! పుట్టి పెరిగింది రైతు ఇంట్లో నేను. ఆ పోలిక నాకు తట్టాలి.

మర్నాడు పొద్దున పేట బస్టాండులో టీ తాగుతున్నాం. ఆవిడ గ్లాసు నిలకడగా పట్టుకుంది.

"ఎట్లా ఉందండి?" అంది.

"బాగుంది."

"పొడుగైందా?"

నందిగామ బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చి, కూర్చున్నాక చెప్పా.

"లేదు" అన్నా.